కొత్త ఫ్లాగ్‌షిప్ ఫోన్‌కి మారాక మొదటి వారం: ఏవి వెంటనే తేల్చుకోవాలి, ఏవి ఆగి చూడాలి

సిలికాన్ సందడి (చర్చ మొదలుపెట్టినవారు):

కొత్త ఫ్లాగ్‌షిప్ (కంపెనీ అన్నిటికంటే పై మోడల్) చేతికొచ్చిన రెండో రోజుకే "బ్యాటరీ నిలబడట్లేదు, వెనక వేడెక్కుతోంది, వేలిముద్ర ఒక్కోసారి తీసుకోవట్లేదు, కెమెరా పాతదానికంటే గొప్పగా ఏముంది" అని రాసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఇందులో ఎక్కువ భాగం ఫోన్ లోపాలు కావు, సెటప్ పని పూర్తికాకముందే ఇచ్చిన తీర్పులు. కొన్ని మాత్రం నిజంగానే లోపాలు. వాటిని మార్పిడి గడువు దాటకముందే పట్టుకోవాలి.

స్క్రీన్, కెమెరా, మైకు, స్పీకర్, నెట్‌వర్క్ వీటిని మొదటిరోజే పరీక్షించాలి. బ్యాటరీ, వేడి, వేగం గురించి వారం గడిచేదాకా ఏమీ తేల్చకూడదు. జరిగేది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది: బ్యాటరీ శాతాన్ని గంటగంటకీ చూస్తారు, వెనకవైపు మైకు పనిచేస్తోందో లేదో నెల తర్వాత తెలుస్తుంది.

మొదటిరోజు చూడాల్సినవి ఇవి. డయలర్‌లో *#06# కొడితే ఐఎంఈఐ నంబర్లు (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలు) వస్తాయి, పెట్టె మీద ఉన్నవాటితో సరిపోవాలి. తర్వాత చీకటి గదిలో బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, ముదురు బూడిదరంగు బొమ్మని ఫుల్‌స్క్రీన్‌లో పెట్టండి. ఓఎల్‌ఈడీ (ఒక్కో పిక్సెల్ తనంతట తానే వెలిగే తెర) ప్యానెల్‌లో ఒకవైపు ఆకుపచ్చగా, ఇంకోవైపు గులాబీగా కనిపించే తేడా అక్కడే బయటపడుతుంది, పూర్తి బ్రైట్‌నెస్‌లో దాక్కుంటుంది. డెడ్ పిక్సెల్ (వెలగని చుక్క) కోసం తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. శాంసంగ్ అయితే *#0*# కొడితే ఆ రంగులతోపాటు టచ్, సెన్సర్, వైబ్రేషన్ పరీక్షలన్నీ ఒకేచోట వస్తాయి.

మైకు ఒకటే అనుకోకండి. మామూలు కాల్‌కి కింది మైకు, స్పీకర్‌ఫోన్‌కి పైది, వీడియోకి వెనకది కూడా పనిచేస్తాయి. వాయిస్ రికార్డర్, స్పీకర్ కాల్, వెనక కెమెరా వీడియో మూడూ విడివిడిగా చేసి వినాలి. కాల్‌లో ఫోన్ చెవి దగ్గర పెడితే స్క్రీన్ ఆరుతోందా, రెండు సిమ్‌లూ సిగ్నల్ పట్టుకుంటున్నాయా, ఎన్‌ఎఫ్‌సీ (తాకించి చెల్లించడం లాంటివాటికి వాడేది), జీపీఎస్ పనిచేస్తున్నాయా, ఇవి చూస్తే హార్డ్‌వేర్ పని అయినట్టే. కెమెరా పరీక్ష సంగతి లెన్సుమాట గారు రాస్తే బాగుంటుంది.

మిల్లీఆంప్:

బ్యాటరీ మాట నేను అందుకుంటాను. మొదటి రోజుల్లో ఛార్జ్ త్వరగా తగ్గడానికి కారణాలు స్పష్టంగా ఉన్నాయి. పాత ఫోన్ నుంచి వచ్చిన యాప్‌లన్నీ డౌన్‌లోడ్ అవుతాయి. గ్యాలరీలోని వేల ఫోటోల్లో ముఖాలు, వస్తువులు, అక్షరాలు గుర్తుపట్టే పని ఫోన్‌లోనే జరుగుతుంది. మెయిళ్లు, మెసేజ్‌లు వెతుక్కోవడానికి వీలుగా ఇండెక్స్ తయారవుతుంది. ఆండ్రాయిడ్ అయితే యాప్‌ల కోడ్‌ని ఆ ప్రాసెసర్‌కి తగ్గట్టు కంపైల్ చేస్తుంది, అదీ ఫోన్ ఖాళీగా ఉండి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే. అందుకే మొదటి కొన్ని రాత్రులు వైఫై ఆన్ చేసి, ఛార్జర్‌కి పెట్టి వదిలేయండి. పగలు పక్కన పెట్టుకుని వాడుతూ, రాత్రి ఛార్జర్ తీసేసి వైఫై ఆపేస్తే ఆ పని రోజులతరబడి సాగుతుంది, వేడి కూడా దానితోనే సాగుతుంది.

కొలవాలంటే స్క్రీన్ ఆన్ టైమ్ (తెర వెలిగి ఉన్న సమయం) కంటే స్టాండ్‌బై (వాడకుండా పక్కన పెట్టినప్పుడు తగ్గే ఛార్జ్) నమ్మకమైన లెక్క. స్క్రీన్ టైమ్ బ్రైట్‌నెస్‌ని, సిగ్నల్‌ని, యాప్‌ని బట్టి మారిపోతుంది. పడుకునేముందు శాతం రాసుకోండి, లేచాక చూడండి. గంటకి ఒక శాతంలోపు తగ్గితే ఆందోళన అక్కర్లేదు. గంటకి రెండు, మూడు పోతుంటే ఏదో యాప్ ఫోన్‌ని నిద్రపోనివ్వట్లేదు, లేదా సిగ్నల్ బలహీనంగా ఉండి మోడెమ్ ఎక్కువ పవర్‌తో టవర్‌ని అందుకోవడానికి ప్రయత్నిస్తోంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒక రాత్రి పెట్టి చూస్తే కొంత తేలుతుంది: అప్పుడూ అంతే తగ్గితే యాప్, తగ్గడం ఆగితే నెట్‌వర్క్ గానీ, నెట్ మీద నడిచే యాప్ గానీ.

ఇంకో మాట. మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జ్ పెట్టాలి, పూర్తిగా సున్నాకి దించి ఎక్కించాలి అన్నవి నికెల్ బ్యాటరీల కాలం నాటి సలహాలు. లిథియం అయాన్‌కి అవి అక్కర్లేదు, సున్నాకి దించడం వల్ల నష్టమే.

గాజుపలక:

వేడి గురించి ఒకటి కలుపుతాను. సెటప్ రోజు వేడి వేరు, సాఫ్ట్‌వేర్ లోపం వల్ల వచ్చే వేడి వేరు. రెండోదీ జరుగుతుంది. 2023లో ఐఫోన్ 15 ప్రో మోడళ్లు అతిగా వేడెక్కుతున్నాయని వచ్చిన ఫిర్యాదులకి ఆపిల్ అక్టోబర్‌లో ఐఓఎస్ 17.0.3 అప్‌డేట్‌తో మరమ్మతు ఇచ్చింది. కాబట్టి పెట్టె తెరవగానే అప్‌డేట్ ఉందేమో చూసి, అది ఎక్కించాకే మిగతా సెటప్ చేయడం మేలు. వారం దాటాక కూడా ఖాళీగా పక్కన పెట్టిన ఫోన్ వెచ్చగా ఉంటే అప్పుడు సర్వీస్ సెంటర్ దారి పట్టాలి.

కొత్తచూపు:

చాలా ఉపయోగంగా ఉంది. ఒక సందేహం అండి. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ మొదటిరోజు నుంచే పెట్టాలా? పెడితే 5000 ఎంఏహెచ్ బ్యాటరీ కొని 4000 వాడుకున్నట్టే కదా?

మిల్లీఆంప్:

మీ లెక్క సరైనదే. లిథియం అయాన్ సెల్‌ని రెండు విషయాలు ఎక్కువగా అరగదీస్తాయి: వేడి, నిండుగా ఉన్నప్పుడు ఉండే ఎక్కువ వోల్టేజ్. రెండూ కలిస్తే మరీ చెడ్డది. వంద శాతం దగ్గర రాత్రంతా ఛార్జర్‌కి ఉండే ఫోన్‌కి, ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద నావిగేషన్ నడుపుతూ ఛార్జ్ అయ్యే ఫోన్‌కి ఈ పరిమితి బాగా పనికొస్తుంది. రోజు చివరికి 15 శాతం మిగిలేవాళ్లు 80 పెట్టుకుంటే సాయంత్రానికే ఫోన్ ఆరిపోతుంది, అలాంటప్పుడు దానివల్ల ప్రయోజనం లేదు.

మధ్యేమార్గం ఉంది. ఐఫోన్ 15, ఆపై మోడళ్లలో ఐఓఎస్ 18 నుంచి 80, 85, 90, 95 ఎంచుకోవచ్చు. శాంసంగ్ సాఫ్ట్‌వేర్ వన్ యూఐ 7లోనూ అలాంటి మెట్లే ఉన్నాయి. పిక్సెల్‌లో 80 ఒక్కటే. పరిమితి పెట్టినా మధ్యమధ్యలో ఫోన్ తనంతట తానే వంద దాకా వెళ్తే కంగారు పడకండి. బ్యాటరీ అసలు సామర్థ్యాన్ని సరిగా అంచనా వేసుకోవడానికి అలా చేస్తుంది.

ఇంకో సంగతి, ఐఫోన్ 14, అంతకుముందువాటికి 500 ఛార్జ్ సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా బ్యాటరీ రూపొందించామని ఆపిల్ చెబుతుంది, 15 నుంచి అది 1000 సైకిళ్లు. ఫోన్‌ని రెండేళ్లలో మార్చేసేవాళ్లు దీని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఐదేళ్లు వాడదామనుకునేవాళ్లు మొదటిరోజే పెట్టుకోండి.

రాత్రిచదువరి:

మిల్లీఆంప్ గారితో ఇక్కడ కొంచెం విభేదిస్తాను. మొదటి వారం పరిమితి పెట్టకూడదు. బ్యాటరీ ఎంత వస్తుందో తెలుసుకునే సమయం అదే. వంద నుంచి మొదలుపెడితేనే ఒక రోజు వాడకం పూర్తిగా లెక్కకొస్తుంది. పరిమితి తర్వాత పెట్టుకుంటే వారంలో అరిగిపోయేదేమీ లేదు.

మిల్లీఆంప్:

ఒప్పుకుంటాను, కొలిచే వారానికి అది సరైన పద్ధతే.

కేబుల్ కబుర్లు:

ఛార్జింగ్ నెమ్మదిగా ఉంది అనే ఫిర్యాదుకి తొంభైపాళ్లు కారణం పాత ఛార్జర్, పాత కేబుల్. ఐఫోన్ 12తో 2020లో, గెలాక్సీ ఎస్21తో 2021లో పెట్టెలోంచి ఛార్జర్ పోయింది. దాంతో అందరూ ఇంట్లో ఉన్నదే వాడతారు. దాని మీద 65 వాట్లు అని రాసి ఉన్నా చాలదు. శాంసంగ్ వేగంగా ఛార్జ్ అవ్వాలంటే ఛార్జర్‌కి యూఎస్‌బీ పవర్ డెలివరీ (వేగంగా ఛార్జ్ చేసే ఉమ్మడి ప్రమాణం)తోపాటు పీపీఎస్ ఉండాలి. పీపీఎస్ అంటే ఫోన్ అడిగినకొద్దీ వోల్టేజ్‌ని చిన్నచిన్న మెట్లలో మార్చి ఇవ్వగలగడం. ఛార్జర్ మీద సన్న అక్షరాల్లో పీపీఎస్ అన్న వరస లేకపోతే అది ఎన్ని వాట్లదైనా ఫోన్ తక్కువ వేగానికే దిగుతుంది.

తర్వాత కేబుల్. మామూలు సీ టు సీ కేబుల్ మూడు ఆంపియర్లే మోస్తుంది. 25 వాట్లకి అది చాలు. శాంసంగ్ అల్ట్రా మోడళ్లలో 45 వాట్లు రావాలంటే ఐదు ఆంపియర్ల కేబుల్ కావాలి, దాని లోపల తన సామర్థ్యాన్ని చెప్పే చిన్న చిప్ ఉంటుంది. ఆ చిప్ లేకపోతే ఛార్జర్ ఐదు ఆంపియర్లు ఇవ్వనే ఇవ్వదు. 25కీ 45కీ తేడా మొదటి సగంలోనే కనిపిస్తుంది. 70 శాతం దాటాక రెండూ దాదాపు ఒకే వేగానికి వస్తాయి, ఎందుకంటే సెల్ నిండేకొద్దీ ఫోనే కరెంట్ తగ్గించేస్తుంది. సొంత పద్ధతిలో 80, 100 వాట్లు ఇచ్చే కంపెనీల ఫోన్లకి ఆ కంపెనీ ఛార్జర్, ఆ కంపెనీ కేబులే వాడాలి, బయటివాటితో పూర్తి వేగం రాదు.

డేటా విషయంలోనూ ఇదే తకరారు. ఐఫోన్ 15 ప్రో పోర్ట్ సెకనుకి 10 గిగాబిట్ల దాకా వెళ్తుంది, పెట్టెలో వచ్చే కేబుల్ మాత్రం యూఎస్‌బీ 2, అంటే 480 మెగాబిట్లు. పెద్ద వీడియోలు కంప్యూటర్‌కి ఎక్కించేవాళ్లు 10 గిగాబిట్ల కేబుల్ విడిగా తీసుకోవాలి. మామూలు ఐఫోన్ 15లో పోర్టే 480 మెగాబిట్లది, కేబుల్ మార్చినా లాభం లేదు.

వైర్‌లెస్ ఛార్జింగ్‌కి క్యూఐ2 (అయస్కాంతాలతో ఫోన్‌ని ప్యాడ్ మీద సరిగ్గా నిలిపే ప్రమాణం) అనుకుంటే వెనక అయస్కాంతాలు ఫోన్‌లోనే ఉన్నాయా, కేస్‌లో పెట్టుకోవాలా చూసుకోండి. పిక్సెల్ 10లో లోపలే ఉన్నాయి. గెలాక్సీ ఎస్25లో లేవు, అయస్కాంతాలున్న కేస్ వేస్తేనే ప్యాడ్ మీద సరిగ్గా కూర్చుంటుంది. కాయిల్ పక్కకి జరిగితే పవర్ తగ్గి వేడి పెరుగుతుంది.

గాజుపలక:

ఇప్పుడు వేలిముద్ర, స్క్రీన్ గార్డ్. స్క్రీన్ కింద ఉండే సెన్సర్ రెండు రకాలు. ఆప్టికల్ అయితే వెలుగుతో వేలిని ఫోటో తీస్తుంది, చాలా గాజు గార్డ్‌లతో ఇబ్బంది పడదు. అల్ట్రాసోనిక్ అయితే ధ్వని తరంగాలతో చదువుతుంది. శాంసంగ్ ఎస్ సిరీస్‌లో 2019 ఎస్10 నుంచి ఇదే, పిక్సెల్‌లో 2024 పిక్సెల్ 9 నుంచి. ఈ తరంగాలకి శత్రువు గాలి పొర. గార్డ్‌కీ స్క్రీన్‌కీ మధ్య సెన్సర్ ఉన్నచోట సన్నటి గాలి ఖాళీ మిగిలినా వేలిముద్ర తప్పుతుంది. అంచులకి మాత్రమే జిగురు ఉండే చవక గాజులు అందుకే పనికిరావు. మొత్తం పరుచుకునే జిగురున్న గాజుగానీ, మెత్తటి టీపీయూ ఫిల్మ్‌గానీ తీసుకోవాలి.

క్రమం కూడా ముఖ్యం. ముందు గార్డ్ అంటించాలి, తర్వాత సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ ఆన్ చేయాలి, పాత వేలిముద్రలు తీసేసి మళ్లీ నమోదు చేయాలి. నమోదులో వేలి మధ్యభాగం ఒక్కటే కాకుండా ఫోన్ పట్టుకున్నప్పుడు బొటనవేలు నిజంగా ఏ వంపులో తగులుతుందో ఆ అంచుల్ని కూడా ఇవ్వండి. ఎక్కువ వాడే వేలిని రెండుసార్లు నమోదు చేస్తే తప్పులు ఇంకా తగ్గుతాయి.

యూవీ దీపంతో గట్టిపడే ద్రవ జిగురు గార్డ్‌ల జోలికి పోవద్దనే నా సలహా. అంటించేటప్పుడు జిగురు ఇయర్‌పీస్ జాలీలోకి, బటన్ల సందుల్లోకి కారితే గట్టిపడ్డాక తీయలేం. ఇక ఎస్24 అల్ట్రా, ఎస్25 అల్ట్రా లాంటివాటిలో గొరిల్లా ఆర్మర్ గాజు ప్రతిబింబాల్ని బాగా తగ్గిస్తుంది. దాని మీద మామూలు గాజు గార్డ్ అంటిస్తే ఆ ప్రయోజనం పూర్తిగా పోతుంది, ఎండలో పాత ఫోన్ లాగే మెరుస్తుంది. గార్డ్ తప్పనిసరి అనుకుంటే ప్రతిబింబాలు తగ్గించే పూత ఉన్నదే ఎంచుకోండి.

రాత్రిచదువరి:

స్క్రీన్ అంటే ఇంకో సంగతి, కళ్లు. కొత్త ఫోన్‌కి మారాక తలనొప్పి, కళ్లు లాగడం మొదలైందనేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా ఎల్‌సీడీ నుంచి ఓఎల్‌ఈడీకి వచ్చినవాళ్లు. ఓఎల్‌ఈడీ తెరలు తక్కువ బ్రైట్‌నెస్‌లో వెలుగుని వేగంగా ఆర్పి వెలిగించి తగ్గిస్తాయి, దాన్నే పీడబ్ల్యూఎం అంటారు. కొన్ని తెరల్లో ఇది సెకనుకి 240 సార్లు, కొన్నింటిలో 480. హానర్ మ్యాజిక్ 6 ప్రోలో 4320. తక్కువ వేగంలో కొందరి కళ్లు అలసిపోతాయి, అందరికీ కాదు. రాత్రి బ్రైట్‌నెస్‌ని అట్టడుక్కి దించకుండా సగం దగ్గర ఉంచి, గదిలో ఒక దీపం వెలిగించుకుంటే చాలామందికి ఊరట. ఐఫోన్ 17లో యాక్సెసిబిలిటీ కింద డిస్‌ప్లే పల్స్ స్మూతింగ్ అనే ఆప్షన్ వచ్చింది, పిక్సెల్ 10 ప్రోలోనూ సున్నితమైన కళ్ల కోసం ఇలాంటిదే ఉంది. ఈ ఇబ్బంది వారంలో అలవాటవుతుందిలే అని గడువు దాటనివ్వకండి. అలవాటు కానివాళ్లకి ఎప్పటికీ కాదు.

కొత్తచూపు:

శాంసంగ్‌లో క్యూహెచ్‌డీ ప్లస్ (ఫుల్ హెచ్‌డీ కంటే ఎక్కువ పిక్సెళ్లు) తెర అని కొని, సెట్టింగ్స్‌లో చూస్తే ఫుల్ హెచ్‌డీ ప్లస్ అని ఉంటుంది. మార్చుకుంటే బ్యాటరీ బాగా తింటుందా?

గాజుపలక:

కంపెనీయే తక్కువ రిజల్యూషన్‌లో పెట్టి ఇస్తుంది. మార్చితే బ్యాటరీలో తేడా స్వల్పం, బ్రైట్‌నెస్ ఒక గీత పెంచితే పోయేదానికంటే తక్కువ. తెలుగు ఎక్కువగా చదివేవాళ్లు మార్చుకోండి. సన్న అక్షరాల్లో ఒత్తులు, గుడులు స్పష్టంగా విడిపడతాయి, ఇంగ్లిష్‌లో అంత తేడా తెలియదు.

లెన్సుమాట:

కెమెరా గురించి సిలికాన్ సందడి గారు అడిగారు. ముందు లోపం ఉందేమో చూసే పద్ధతి. అక్షరాలు నిండా ఉన్న వార్తాపత్రికని గోడకి అంటించి, ఫోన్‌ని దానికి సమాంతరంగా నిలబెట్టి, ప్రతి లెన్స్‌తో మూడేసి ఫోటోలు తీయండి. నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. అల్ట్రావైడ్ (మరీ వెడల్పుగా చూసే లెన్స్)లో నాలుగు మూలలూ సమానంగా కొంచెం మెత్తగా ఉంటే అది లెన్స్ స్వభావం. మూడు మూలలు బాగుండి ఒక్క మూలే ప్రతి ఫోటోలోనూ మసకగా ఉంటే లెన్స్ వంకరగా కూర్చుంది, అది మార్చుకోవాల్సిన ఫోన్.

ఏ లెన్స్ పనిచేస్తోందో తెలుసుకోవడానికి టెలిఫోటో (దూరపు వాటిని దగ్గరగా చూపే) లెన్స్‌ని వేలితో మూయండి. ఐదు రెట్ల జూమ్‌లో ఉన్నా బొమ్మ కనిపిస్తూనే ఉంటే అది మెయిన్ కెమెరా నుంచి కత్తిరించిన బొమ్మ. వెలుతురు తక్కువైనా, వస్తువు మరీ దగ్గరైనా ఫోన్ తనంతట తానే అలా మారుతుంది. "కొత్త జూమ్ మసకగా ఉంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం. రెండడుగులు వెనక్కి జరిగితే అసలు టెలిఫోటో అందుకుంటుంది.

ఇలాంటిదే దగ్గరి ఫోటోల సమస్య. ఫ్లాగ్‌షిప్ మెయిన్ సెన్సర్ పెద్దది కాబట్టి ఫోకస్ పట్టడానికి పాత ఫోన్ కంటే ఎక్కువ దూరం కావాలి. కాగితాన్ని దగ్గరగా పెట్టి తీస్తే మధ్యలో స్పష్టం, అంచుల్లో మసక. లేదా ఫోన్ మ్యాక్రోకి మారి అల్ట్రావైడ్‌తో తీస్తుంది, నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంట్లు తీసేటప్పుడు కొంచెం వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ వాడండి.

ఇక 200 మెగాపిక్సెళ్లు. ఆ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 0.6 మైక్రాన్లు, చాలా చిన్నది. పదహారు పిక్సెళ్లని కలిపి 2.4 మైక్రాన్ల ఒక్క పిక్సెల్‌లా వాడుకోవడం వల్లే మామూలు ఫోటో 12 మెగాపిక్సెళ్లలో వస్తుంది. అది తగ్గించి ఇవ్వడం కాదు, తక్కువ వెలుతురులో శుభ్రంగా రావడానికి చేసిన ఏర్పాటు. పూర్తి 200 మంచి పగటి వెలుతురులో, కదలని దృశ్యానికే పెట్టండి. ఐఫోన్ 15 నుంచి మామూలు ఫోటో 24 మెగాపిక్సెళ్లలో వస్తుంది, రోజువారీకి అది చాలు.

స్టోరేజ్ లెక్క వీడియోతో మారిపోతుంది. ఐఫోన్‌లో 4కె, 30 ఫ్రేములు, హై ఎఫిషియెన్సీ అయితే నిమిషానికి 170 ఎంబీ, 60 ఫ్రేములు అయితే 400 ఎంబీ. అదే ఎడిటింగ్ కోసం తక్కువ కుదించే ప్రోరెస్ 4కె అయితే నిమిషానికి 6 జీబీ. ఎడిటింగ్‌కి ఎక్కువ సమాచారం దాచే 48 మెగాపిక్సెళ్ల ప్రోరా ఫోటో ఒక్కొక్కటి 75 ఎంబీ దాకా ఉంటుంది. ఎడిట్ చేసే ఉద్దేశం లేకపోతే ఆ రెండూ ఆపేయండి.

చివరిగా, ఫోన్‌లో మెరుస్తూ కనిపించిన ఫోటో అవతలివాళ్లకి పంపితే చప్పగా ఉందంటారు. కొత్త ఫోన్లు ఫోటోతోపాటు హెచ్‌డీఆర్ సమాచారాన్ని (ఏ భాగం ఎంత ఎక్కువ మెరవాలో చెప్పేది) విడిగా దాస్తాయి, దాన్ని అర్థం చేసుకునే తెర, యాప్ అవతల ఉంటేనే ఆ మెరుపు కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఎలాగూ కుదించేస్తుంది. అసలు ఫైల్ చేరాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి.

రాత్రిచదువరి:

నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తున్నాయనే వాళ్లకి: తప్పు మెసేజింగ్ యాప్‌ది కాదు, కొత్త ఫోన్‌కి మీ అలవాట్లు ఇంకా తెలియక యాప్‌ని నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ఆ యాప్ బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. శాంసంగ్‌లో బ్యాటరీ కింద బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్‌లో నెవర్ ఆటో స్లీపింగ్ జాబితాలో చేర్చాలి. షావోమీలో ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయాలి. మెసేజింగ్, మెయిల్, అలారం, ఆరోగ్య పరికరాల యాప్‌లకి మాత్రమే ఇది చేయండి. అన్నిటికీ చేస్తే మిల్లీఆంప్ గారు చెప్పిన స్టాండ్‌బై లెక్క పాడవుతుంది.

సిలికాన్ సందడి:

అందరికీ ధన్యవాదాలు. ఇంకా రాని విషయం పాత ఫోన్. దాన్ని అదే రోజు రీసెట్ చేయకండి, అదే పెద్ద ప్రమాదం. ఫోటోలు, కాంటాక్ట్‌లు తేలిగ్గా వచ్చేస్తాయి. రానివి వేరే ఉన్నాయి.

వాట్సాప్ ఒకే రకం ఫోన్ల మధ్య అయితే చాట్స్‌లో ట్రాన్స్‌ఫర్ చాట్స్ నొక్కి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా వచ్చేస్తుంది, రెండింటిలోనూ వైఫై ఆన్‌లో ఉండాలి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి అయితే సెటప్ సమయంలోనే మూవ్ టు ఐఓఎస్ ద్వారా తెచ్చుకోవాలి. సెటప్ దాటేశాక చేయాలంటే కొత్త ఫోన్‌ని మళ్లీ రీసెట్ చేయాల్సిందే. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి కూడా సెటప్‌లోనే, కేబుల్‌తో.

రెండంచెల లాగిన్ కోడ్లు ఇచ్చే యాప్ మరీ ముఖ్యం. గూగుల్ ఆథెంటికేటర్‌లో సింక్ ఆన్ లేకపోతే పాత ఫోన్‌లో ఎక్స్‌పోర్ట్ క్యూఆర్ తీసి కొత్తదాంట్లో స్కాన్ చేయాలి. పాతది తుడిచేశాక ఆ దారి ఉండదు. బ్యాంకు యాప్‌లు బ్యాకప్‌లో వచ్చినా లోపలి నమోదు రాదు. ఫోన్ మారగానే మళ్లీ ధృవీకరణ అడుగుతాయి, అందుకు రిజిస్టరైన సిమ్ కొత్త ఫోన్‌లో ఉండి ఎస్‌ఎంఎస్ వెళ్లాలి. ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) అయితే కొత్త ఫోన్‌లో పనిచేస్తోందని ఒక కాల్, ఒక ఎస్‌ఎంఎస్ చేసి నిర్ధారించుకోండి. చేతి వాచీ ఉంటే పాత ఫోన్ నుంచి అన్‌పెయిర్ చేశాకే కొత్తదానికి కలపండి.

వారం అలా ఉంచి, అడిగే కోడ్లన్నీ కొత్త ఫోన్‌లోనే వస్తున్నాయని తేలాక రీసెట్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ముందు గూగుల్ అకౌంట్ తీసేయాలి, ఐఫోన్‌లో ఫైండ్ మై ఆపాలి. లేకపోతే తర్వాత వాడేవాళ్లకి ఫోన్ తాళం వేసుకుని కూర్చుంటుంది. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రీసెట్‌లో ఆ తాళంచెవి చెరిగిపోతుంది. కాబట్టి తుడిచాక చెత్త ఫైళ్లతో నింపి మళ్లీ తుడవాల్సిన అవసరం లేదు.

మిల్లీఆంప్:

పాతది అమ్మకుండా దాచేవాళ్లకి ఒక మాట. నిండుగా గానీ, ఖాళీగా గానీ డ్రాయర్‌లో పెట్టొద్దు. 50 శాతం దగ్గర ఆఫ్ చేసి, చల్లటి చోట ఉంచి, ఆరు నెలలకోసారి తీసి మళ్లీ 50కి ఎక్కించండి. సున్నా దగ్గర నెలల తరబడి వదిలేస్తే సెల్ వోల్టేజ్ మరీ కిందకి పడి తర్వాత ఛార్జే తీసుకోదు. వెనక ప్యానెల్ కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం ఛార్జ్ పెట్టకండి. బ్యాటరీ ఉబ్బిందని అర్థం, నొక్కకుండా సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.